పొట్టు, ఊక, తాలు: ఒక కొత్త అనువాదకురాలికి ఉత్తరం

అమ్మాయీ, ఆశీస్సులు.

నువ్వు పంపిన అనువాదం మొదటి సగం చదివాను. వాక్యం హాయిగా నడుస్తోంది, ఆ విషయంలో నీకు నేను చెప్పేదేమీ లేదు. కానీ ఇంగ్లిష్‌లో 'చాఫ్' అని కనబడిన ప్రతిచోటా 'ఊక' అని పెట్టుకుంటూ పోయావు. కళ్లంలో ఊక, గుర్రం దాణాలో ఊక, చివరికి యుద్ధవిమానంలోంచి కూడా ఊకే రాలింది! నిఘంటువులో అలాగే ఉందన్నావు. ఉంటుంది. అక్కడ పండేది ఏ పంటో చూసుకోవాల్సింది మాత్రం మనమే.

ముందు కళ్లం సంగతి. నీ కథ ఇంగ్లండ్ పల్లెది, పంట గోధుమ. గోధుమ గింజని కప్పి ఉండే పలచటి ఎండు పొరలు నూర్చగానే విడిపోతాయి. వాటినే చాఫ్ అంటారు. గాలివాటున ఎత్తిపోస్తే గింజ కాళ్ల దగ్గర పడుతుంది, పొరలు అవతలికి కొట్టుకుపోతాయి. మన వడ్లు అలా కాదు. ఎంత నూర్చినా, ఎంత తూర్పారబట్టినా గింజని పట్టుకున్న పొర ఊడి రాదు. కళ్లంలో ఎగిరేది తాలు, అంటే గింజ పట్టని వడ్లు, గడ్డిపరకలు, దుమ్ము. ఊక వచ్చేది రోట్లో దంచితేనో, మిల్లులో ఆడిస్తేనో. క్వింటాలు వడ్లకి సుమారు 20 కిలోల ఊక వస్తుంది. ఇంగ్లిష్ వాళ్లు కూడా దాన్ని మామూలుగా హస్క్ అనో హల్ అనో అంటారు. 'కళ్లంలో గాలికి ఊక ఎగిరిపోయింది' అన్న నీ వాక్యం ఏ గోదావరి జిల్లా రైతో చదివితే నవ్వుకుంటాడు. అక్కడ 'పొట్టు' అని మార్చు. దుష్టుల్ని గాలి చెదరగొట్టే చాఫ్‌తో పోల్చిన మొదటి కీర్తనలో తెలుగు బైబిల్ వాళ్లు వాడింది కూడా పొట్టే.

గుర్రం తినేది వేరే. సన్నగా కత్తిరించిన ఎండుగడ్డిని కూడా అక్కడ చాఫ్ అనే అంటారు. ఓట్స్‌లో కలిపి పెడితే గుర్రం గబగబా మింగకుండా నమిలి తింటుంది. మన పాడి రైతుల ఇళ్ల దగ్గరుండే చాఫ్ కట్టర్ పేరులో ఉన్నది ఈ చాఫే. జొన్న చొప్పో నేపియర్ గడ్డో ముక్కలు కొట్టడానికి కొంటారు గానీ, ఊక కోసం ఎవరూ కరెంటు బిల్లు కట్టరు.

చాఫించ్‌ని పిచ్చుక చేసేశావు. వద్దు. పొట్టులో గింజలు ఏరుకుతింటుందని పాత ఇంగ్లిష్ రోజుల్లోనే దానికి ఆ పేరు పడింది. మగపిట్టకి రొమ్ము లేత ఎరుపు. 'చాఫించ్ పిట్ట' అనే ఉంచు. ఫుట్‌నోట్ పెట్టకు, నాకవంటే చిరాకని నీకు తెలుసుగా.

తాగుడు దుకాణం దగ్గర స్నేహితులు అతన్ని 'చాఫ్' చేశారని ఉంటే, 'ఊకదంపుడు మాటలు మాట్లాడారు' అని రాశావు. తెలివిగానే ఉంది, అర్థమే తప్పింది. ఊకదంపుడు వింటే ఆవలింతలొస్తాయి. ఇక్కడ అందరూ నవ్వుతున్నారు, మాట పడ్డవాడితో సహా. ఇది 19వ శతాబ్దపు లండన్ వీధి మాట. పొట్టు నుంచే వచ్చిందని కొందరు, రాపిడికి వాడే 'చేఫ్' నుంచి అని కొందరు అంటారు. 'ఆటపట్టించారు' అంటే సరిపోతుంది. కళ్లం మాటే కదా అని 'తూర్పారబట్టారు' అని మాత్రం రాయకు, అది తిట్టు కిందికి పోతుంది.

ఇక విమానం. అసలు చిక్కంతా ఇక్కడే. 1943 జులై 24 రాత్రి బ్రిటిష్ బాంబర్లు హాంబర్గ్ మీదికి వెళ్తూ, అల్యూమినియం పూత ఉన్న కాగితపు పట్టీలు కట్టలు కట్టలుగా గాల్లోకి వదిలాయి. పట్టీ పొడవు 27 సెంటీమీటర్లు, జర్మన్ రాడార్ తరంగం పొడవులో సుమారు సగం. దాంతో రాడార్ తెర నిండా దొంగ విమానాలే. బయల్దేరిన 791 విమానాల్లో తిరిగిరానివి 12. దీని వెనక ఎక్కువ ప్రయోగాలు చేసిన శాస్త్రవేత్త జోన్ కర్రన్ అనే ఆవిడ. బ్రిటిష్ వాళ్లు పెట్టుకున్న రహస్య పేరు 'విండో'. 'చాఫ్' అన్నది అమెరికా వాళ్లు. ఆ పేరే నిలిచిపోయింది, 2021లో మన డీఆర్‌డీఓ జోధ్‌పూర్ ల్యాబ్ వాయుసేన కోసం తయారుచేసిన దాన్ని కూడా చాఫ్ అనే అన్నారు.

నీ కథలో ఆ మాట అనేది అమెరికన్ స్నేహితుడు. అది విని రైతు కొడుకు పగలబడి నవ్వుతాడు, ఎందుకంటే వాళ్ల నాన్న కళ్లంలో రోజూ ఊడ్చిపోసింది అదే. నీ తెలుగులో ఆ నవ్వు ఎందుకొచ్చిందో పాఠకుడికి అంతుపట్టదు. 'చాఫ్' అనే శబ్దం మొదట్లోనే పాఠకుడి చెవిన పడాలి. కళ్లం సీనులో తండ్రి చేత ఒక్కసారి 'ఈ చాఫ్ అంతా ఊడ్చెయ్యరా' అనిపించు, తర్వాత నిశ్చింతగా పొట్టు అని రాసుకో. విమానం దగ్గర ఇంక తెలుగు మాట వెతకొద్దు.

పత్రిక గడువని టెన్షన్ పడుతున్నావట. సంపాదకుణ్ణి ఇంకో వారం అడుగు, ఇస్తాడు. రెండో సగం పంపేముందు గుర్రపుశాల భాగం మళ్లీ చూసుకో, అక్కడ 'బ్రాన్' అని వచ్చిన దాన్ని కూడా ఊక చేసినట్టున్నావు. అది తవుడు.

ఉంటాను.