మూత తీయడానికి రెండు చేతులు

ప్రశ్న: తిరుపతిలో చిన్న చెక్కపని దుకాణం నడుపుతున్నాను. పీటలు, కుంకుమ భరిణెలు, తాళాలు తగిలించుకునే పట్టీలు చేయిస్తుంటాను. రోజూ చేతిలో మెదిలే వస్తువే మనిషికి జపాన్నో ధ్యానాన్నో, కనీసం ఆనాటి తన నడవడినో గుర్తుచేసేలా ఉండాలని నా కోరిక. అందుకే తాళాల పట్టీల మీదా, కాఫీ గ్లాసుల కింద పెట్టుకునే బిళ్లల మీదా శంఖచక్రాలు, గోవింద నామం చెక్కించాను. కొన్నవారు బాగుందన్నారు. అయితే మా ఇంట్లో తగిలించిన పట్టీని పది రోజులు తిరిగేసరికి నేనే చూడడం మానేశాను. లోపం ఎక్కడుంది?
— ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: అమ్మా, ఆ పట్టీ మీ కంటికి ఆనకుండా పోవడం మీ భక్తిలో లోపం కాదు. ఒకేచోట కదలకుండా ఉండి, మననుంచి ఏ పనీ కోరని వస్తువును కన్ను గోడలో కలిపేసుకుంటుంది. మన పెద్దవాళ్లు గుర్తుంచుకోవడానికి కంటికంటే చేతినే ఎక్కువగా నమ్ముకున్నారని నాకు అనిపిస్తుంది. మరిచిపోకూడని సంగతి ఉంటే అమ్మమ్మలు కొంగున ముడి వేసుకునేవారు. ఆ ముడి మీద అక్షరమూ లేదు, బొమ్మా లేదు. కొంగు దోపుకున్నప్పుడల్లా వేలికి తగులుతుంది, అంతే. జపమాలలో 108 పూసలు పూర్తయ్యాక మేరుపూసను దాటకుండా మాలను తిప్పుకుని వెనక్కి రావాలన్న నియమం ఉన్నందువల్ల, మనసు మధ్యలో ఏ బజారు వెంట తిరుగుతున్నా, ఆ పూస తగలగానే వేళ్లు ఆగుతాయి, వేళ్లు ఆగడంతో మనసు కూడా ఇంటికి వస్తుంది. అలిపిరి దారిలో మీరు చూసే ఉంటారు: 3,550 మెట్లలో ప్రతి మెట్టుకూ వంగి పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే మొక్కుదారులకు ఒక్క రాయి కూడా ఊరికే దాటిపోయిన రాయి కాదు.

మన ప్రాంతపు ఇళ్లలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించే వస్తువు ముడుపు. పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డముక్కలో ఒక నాణెం వేసి, మొక్కు చెప్పుకుని, ముడివేసి దేవుడి పటం ముందు ఉంచుతాం. అది అందంగా ఉండదు. కొన్నాళ్లకు రంగు వెలిసి, దీపపు పొగకు మసిబారుతుంది కూడా. అయినా ఇంట్లో ఎవరూ దాన్ని మరిచిపోరు, ఎందుకంటే కొండకు వెళ్లి హుండీలో సమర్పించేదాకా దాని పని మిగిలే ఉంటుంది. మీ పట్టీ మీద చెక్కిన నామం చెక్కడంతోనే పూర్తయిపోయింది; ముడుపు ఇంకా పూర్తికాలేదు. మీ రూపకల్పనకు మొదలు ఇక్కడే దొరుకుతుందని నా నమ్మకం.

మీరు ఎలాగూ చేయిస్తున్న కుంకుమ భరిణెనే తీసుకోండి. ఈ రోజుల్లో మూతను బొటనవేలితో ఇలా అంటే అలా ఊడివచ్చేలా చేస్తున్నారు, అది సౌకర్యమే. మీరు మాత్రం మూతను కొంచెం బిగువుగా, అడుగును ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో మెల్లగా తిప్పితే తప్ప రాకుండా చేయించండి. రెండు చేతులూ కావాలంటే చేతిలోని ఫోను కింద పెట్టక తప్పదు. ఆ ఒక్క పనితోనే సగం సాధన జరిగినట్టు. మూత లోపలివైపు రూపాయి బిళ్లంత అద్దం అమర్చండి. బొట్టు పెట్టుకునేటప్పుడు అందులో మొహమంతా కనిపించదు, కనుబొమల మధ్య చోటూ కళ్లూ మాత్రమే కనిపిస్తాయి. పొద్దున పిల్లల మీద కసురుకుని వచ్చిన తల్లికి ఆ క్షణంలో తన కళ్లు తనకే కనిపిస్తే, దేవుడి పేరు అక్కడ చెక్కకపోయినా, ఏ ఉపదేశమూ అవసరం ఉండదు.

గ్లాసుల కింది బిళ్లల మీద శంఖచక్రాలు, నామాలు వేయించడం మానేయమని గట్టిగా చెబుతాను. చెక్కబొమ్మలకు పేరుపడ్డ మాధవమాల ఊరి శిల్పి చెక్కిన మూర్తి పూజామందిరానికి చేరుతుంది, అక్కడ దానికి పీఠమూ నైవేద్యమూ ఉంటాయి. ఎంగిలి మరకల కింద నలిగి, చివరికి చెత్తబుట్టలో పడే బిళ్ల మీద ఆ గుర్తులే ఉంటే కొన్నవారికి మొదట్లో ఉన్న జంకు కూడా నెమ్మదిగా పోతుంది. గుర్తుచేయాల్సిన వస్తువు మొద్దుబారడం నేర్పకూడదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. మదనపల్లెలో 1895లో జన్మించిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి, యాంత్రికంగా చేసే పునరావృత్తి మనసును మందగింపజేస్తుందని జీవితమంతా హెచ్చరించారు. ఆ మాటను నేను తీసిపారేయను. బిగువైన మూతకు కూడా చేయి ఏదో ఒకనాటికి అలవాటు పడుతుంది. అందువల్ల సంరక్షణ కోరే వస్తువులు చేయండి. శుక్రవారం కోసం ఇత్తడి కుందిని చింతపండుతో తోముతున్నప్పుడు వేళ్లసందుల్లో నల్లటి జిడ్డు దిగి, దాని కింద నుంచి పసుపుపచ్చని మెరుపు పైకి వస్తుంది. ఎన్నేళ్లు తోమినా ఆ కుంది పాతబడి కంటికి కనిపించకుండా పోవడం నేను చూడలేదు. నెలకొకసారి నువ్వులనూనె పట్టించాల్సిన చెక్కపీటకు కూడా అదే గుణం ఉంటుంది. కొనేవారికి ఆ సంగతి ముందే చెప్పి అమ్మండి.

ప్రశ్న: సాయంత్రం 6 గంటలకు దీపం పెట్టి పది నిమిషాలు కూర్చోవాలని ఫోనులో అలారం పెట్టుకున్నాను. మోగగానే ఆపేసి మళ్లీ పనిలో పడిపోతున్నాను. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, చిత్తూరు

సమాధానం: అలారం మీ చేతికి ఇచ్చిన పని ఒక్కటే, దాన్ని ఆపడం, ఆ పని మీరు చేసేస్తున్నారు. అయిదున్నరకే ఫోనును పూజగదిలో, అగ్గిపెట్టె పక్కన పెట్టిరండి. మోగినప్పుడు లేచి అక్కడికి నడవాలి, కాళ్లు కడుక్కోకుండా లోపలికి వెళ్లడం మీకే తోచదు, ఫోను తీసేటప్పుడు చేతికి అగ్గిపెట్టె తగులుతుంది. మధ్యాహ్నమే ప్రమిదలో నూనె పోసి వత్తి వేసి ఉంచితే, వెలిగించడం ఒక్కటే మీకు మిగులుతుంది.