ప్రాగ్ గడియారం కింద ఇంకాసేపు నిలబడు

తమ్ముడూ,

నువ్వు పంపిన యూరప్ యాత్ర మొత్తం చదివాను, రెండుసార్లు. ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్, చివర్లో లండన్. భాష బాగుంది, నస లేదు, అచ్చుతప్పులు కూడా తక్కువే, ఈ రోజుల్లో అదేమీ చిన్న విషయం కాదు. మొహమాటం లేకుండా చెప్పండి అక్కా అన్నావు కాబట్టి చెప్తున్నా. ఇందులో నువ్వు చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. బస్సులో మైకు పట్టుకుని గైడ్ చెప్పిందంతా ఉంది, రాత్రి హోటల్‌కి వచ్చాక నెట్‌లో చదివిందంతా ఉంది, "అద్భుతం", "మహాద్భుతం", "కళ్లు చెదిరే" అనే మాటలు ఎన్నిసార్లు వచ్చాయో నువ్వే ఒకసారి లెక్కపెట్టుకో. నువ్వు మాత్రం ఎక్కడా కనపడలేదు. ఇదే వ్యాసం హైదరాబాద్‌లో కూర్చుని కూడా రాయొచ్చు కదా, అంత డబ్బు పోసి వెళ్లడం దేనికి?

ప్రాగ్ టౌన్‌హాల్ గోడ మీది గడియారం సంగతే తీసుకుందాం. 1410లో పెట్టారన్నావు, సరే. దాన్ని చేసిన హనుష్ ఇంకో ఊళ్లో ఇలాంటిది చేయకుండా కళ్లు పొడిపించారని రాశావు. ఆ కథ చెప్పకుండా టూరిస్టుల్ని వదిలిపెట్టే గైడ్ ఆ ఊళ్లో దొరకడం కష్టం. కానీ దాన్ని చేసింది కడాన్ ఊరి మికులాష్ అనే గడియారాల పనివాడు, ఖగోళ లెక్కల్లో యాన్ షిందెల్ అనే పండితుడి చెయ్యి ఉందంటారు. హనుష్ ఆ తర్వాతి తరాలవాడు, చాలాకాలం పొరపాటున పేరంతా ఆయనకి కట్టబెట్టారు. తాజ్‌మహల్ కట్టిన కూలీల చేతులు నరికించారనే కథ మనం చిన్నప్పటినుంచీ వింటున్నాం, ఇదీ అదే తాను గుడ్డ. కథలు రాయొద్దని నేననను. ఊరూరా ఇలాంటి కథే ఎందుకు పుడుతుందన్నది మంచి ప్రశ్న, దాని మీద ఒక పేజీ రాసినా చదువుతాను. కాకపోతే కథని కథ అని చెప్పి రాయి, చరిత్ర అని చెప్పి అంటగట్టకు.

ఆ తర్వాత "గంట కొట్టగానే బొమ్మలు కదిలాయి" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఏ బొమ్మలు? ఎలా కదిలాయి? అస్థిపంజరం తాడు లాగి గంట కొడుతుంది. అద్దంలో మొహం చూసుకునేవాడు, డబ్బుసంచి పట్టుకున్న పిసినారి, తలపాగా చుట్టుకున్న తురుష్కుడు, వీళ్లేమో "మేం రాం, మేం రాం" అన్నట్టు తలలు అడ్డంగా ఊపుతారు. పైన రెండు చిన్న కిటికీల్లో ఏసు శిష్యులైన పన్నెండుమంది అపొస్తలులు ఒకరి వెనక ఒకరు తొంగిచూసి పోతారు. ఆఖర్న కోడి కూస్తుంది. నిమిషంలోపు అంతా అయిపోతుంది, కింద ఫోన్లు పైకెత్తి నిలబడ్డ జనం "ఇంతేనా?" అన్నట్టు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు. ఆ మొహాలు కూడా నీ వ్యాసంలో ఉండాల్సినవే.

జనం చెదిరిపోయాక అక్కడే ఇంకో పావుగంట నిలబడితే అసలు సరుకు అప్పుడు దొరుకుతుంది. ఆ గడియారం ముఖం మీద తిరిగే బంగారు చక్రంలో ఏముందో చూశావా? మేషం, వృషభం, మిథునం, మన పంచాంగంలో ఉన్న అవే పన్నెండు రాశులు. సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో, చంద్రుడు ఎంత నిండాడో అది ఆరువందల ఏళ్లుగా చూపిస్తోంది (మధ్యమధ్య ఆగింది, 1945లో యుద్ధం ఆఖరి రోజుల్లో బాగా దెబ్బతింటే బాగుచేసుకున్నారు). అయితే మనకీ వాళ్లకీ లెక్కలో తేడా ఉంది. జనవరి 14న మనం మకర సంక్రాంతి చేసుకునేటప్పటికి ఆ గడియారంలో సూర్యుడు మకరంలోకి వచ్చి మూడు వారాలు దాటుతుంది. వాళ్లది సాయనం, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజు నుంచి రాశులు లెక్కపెట్టేది; మనది నిరయనం, నక్షత్రాల్ని బట్టి లెక్కపెట్టేది. ఇంట్లో పంచాంగం చూసే పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే ఈ ఒక్క ముక్క చెప్పి చూడు, గంటసేపు నిన్ను వదలరు.

ఇంకొకటి కూడా ఉంది. ఆ ముఖం మీద పగటిని పన్నెండు భాగాలు చేసే గీతలుంటాయి, పగలు పెరిగితే ఆ గంట సాగుతుంది, తగ్గితే కుదించుకుపోతుంది. గంటేమిటి, సాగడమేమిటి అని ఇవాళ మనకి వింతగా అనిపిస్తుంది గానీ, రాహుకాలాన్ని పద్ధతిగా గుణించేవాళ్లు సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఎనిమిది భాగాలు చేసేది ఇలాగే కదా! ఇక అన్నిటికంటే బయట ఉన్న వలయం సూర్యాస్తమయం నుంచి గంటలు లెక్కపెడుతుంది. అంటే ఆ ఊళ్లో ఒకప్పుడు పొద్దు గూకితే రోజు మారేది, మనకి పొద్దు పొడిస్తే మారుతుంది. ఇవన్నీ తెలుగువాడు కాబట్టి నీకు కనపడాల్సినవి, ఇంగ్లిష్ గైడ్‌బుక్ రాసేవాడికి తట్టవు. ఇవి వదిలేసి కళ్లు పొడిచిన కథ పట్టుకున్నావు.

అదే టౌన్‌హాల్ గోడ మూల తిరిగితే నేలమీద రాళ్లలో తెల్ల శిలువ గుర్తులుంటాయి, మొత్తం 27. శ్వేతపర్వత యుద్ధంలో హాబ్స్‌బర్గ్ చక్రవర్తి చేతిలో ఓడిపోయిన బొహీమియా (ఇప్పటి చెక్ ప్రాంతం) పెద్దల్ని 27 మందిని 1621 జూన్ 21న అక్కడ చంపించారు. వాటి మీద కాళ్లు పెట్టి ఐస్‌క్రీమ్ తింటూ ఉంటారు జనం, వాళ్లని తప్పుపట్టడానికి లేదు, తెలిస్తే కదా. నువ్వు కూడా తొక్కే ఉంటావు. కాసేపు తల దించుకుని నడవడం అలవాటు చేసుకో, యూరప్ ఊళ్లలో సగం చరిత్ర నేలమీదే రాసి పెట్టారు.

సరే, నీ బస్సులో ఉన్న మనవాళ్లు ఏమైపోయారు? నలభైమంది కలిసి తిరిగారు, వ్యాసంలో ఒక్కరూ లేరు. ఫోన్లో నాకు చెప్పావే, కొరునాలు, యూరోలు, ఫోరింట్లు కలిసిపోకుండా మూడు గుడ్డసంచులు కుట్టించుకుని మెడలో వేసుకుని తిరిగిన రిటైర్డ్ మాస్టారు, ఆయనేరి? పొద్దున్నే హోటల్ గదిలో ఎలక్ట్రిక్ కుక్కర్‌లో పులిహోర కలిపిన ఆవిడ, పొగ అలారం మోగుతుందేమో అని తలుపు దగ్గర తువ్వాలు పట్టుకుని కాపలా కాసిన ఆవిడ భర్త? నువ్వు చెప్తుంటే నేను పడీపడీ నవ్వాను. రాసేటప్పటికి సిగ్గుపడి తీసేశావు, ప్యాకేజీ టూరులో వెళ్లానని తెలిస్తే చిన్నతనం అనుకున్నట్టున్నావు. ఒంటరిగా బ్యాగు తగిలించుకుని తిరిగిన యాత్రికుడిలా రాయబోయావు, కుదరలేదు. నువ్వు వెళ్లింది ఎలాగో అలాగే రాయి. మన మధ్యతరగతి వాళ్లు యూరప్ చూసేది ఎక్కువగా ఆ బస్సు అద్దంలోంచే, దాన్ని సరిగా రాసినవాళ్లు కూడా పెద్దగా లేరు.

వియన్నా భాగం కాస్త నయం. కాఫీహౌస్‌లో కాఫీతోపాటు వెండి పళ్లెంలో గ్లాసుడు నీళ్లు, దానిమీద బోర్లించిన చెంచా, చెక్క పట్టీకి బిగించిన పేపర్లు, ఒక్క కాఫీ తాగి ఎంతసేపు కూర్చున్నా లేవమనని వెయిటర్లు, ఇది నువ్వు చూసి రాశావని తెలిసిపోయింది. ఒపేరా దగ్గరికి వచ్చేసరికి మళ్లీ గైడ్ గొంతు. 1869, ఎంపరర్, బాంబులు, పునర్నిర్మాణం. బయటినుంచి ఫోటో తీసుకుని వచ్చేశారు కదా, ఆ మాటే చెప్పు. ఈసారి వెళ్తే నిలబడి చూసే టికెట్ కొనుక్కో, కూర్చునే సీటు ధరలో చిన్న ముక్క. లోపలికి వెళ్లగానే తమ చోటు గుర్తుగా ఇనుప కడ్డీకి స్కార్ఫ్ కట్టేసి హాయిగా బయట తిరిగొస్తారు అక్కడివాళ్లు, ఎవరూ దాన్ని విప్పరు. మన బస్సుల్లో కిటికీలోంచి కర్చీఫ్ వేసే పద్ధతే అనుకో, పట్టు గౌన్లూ కోట్లూ వేసుకున్న చోట అది చూస్తే భలే ఆనందం వేస్తుంది.

"అక్కడ రోడ్డు మీద కాగితం ముక్క కనపడదు, మనవాళ్లు ఎప్పుడు మారతారో" అన్న పేరా కొట్టెయ్. ఈ మాట విదేశం వెళ్లొచ్చిన ప్రతి తెలుగువాడూ రాశాడు. రాయాలనుంటే ఆ శుభ్రత ఎలా నడుస్తోందో కనుక్కుని రాయి: తెల్లారకముందే నారింజరంగు బట్టల్లో ఊడ్చేవాళ్లు, కాయిన్ వేస్తే గానీ తెరుచుకోని టాయిలెట్లు, ట్రామ్‌లో పసుపు మెషిన్లో టికెట్ ముద్ర వేయించుకోకపోతే మామూలు బట్టల్లో వచ్చి ఫైన్ వేసే ఇన్‌స్పెక్టర్లు. మీ గుంపులో ఎవరికో ఫైన్ పడిందన్నావు, టెన్షన్‌తో ఆయన బీపీ మాత్ర వేసుకున్నాడన్నావు. ఆ పేరా తీసేసి ఇది పెట్టు.

బుడాపెస్ట్‌లో డాన్యూబ్ ఒడ్డున ఇనుప చెప్పులు చూసి "గుండె బరువెక్కింది, కన్నీళ్లు ఆగలేదు" అన్నావు. నమ్ముతాను. కానీ చదివేవాడికి నీ కన్నీళ్లు కాదు, ఆ చెప్పులు కనపడాలి. 1944-45 చలికాలంలో యూదుల్ని ఆ గట్టున నిలబెట్టి, చెప్పులు విప్పమని, కాల్చి నదిలో పడేశారు. విప్పించింది ఎందుకంటే యుద్ధకాలంలో చెప్పులకి ధర పలికేది. ఇంతే చెప్పు. 2005లో పెట్టిన ఆ 60 జతల్లో మగవాళ్లవీ, మడమలెత్తు ఆడవాళ్లవీ, చిన్నపిల్లలవీ ఉన్నాయని చెప్పు. ఆ చెప్పుల్లో ఎవరో పూలు పెట్టి ఉంటే చెప్పు, పక్కన కూర్చుని సెల్ఫీ దిగుతున్నవాళ్లుంటే అదీ చెప్పు. విశేషణాలు ఒక్కటి కూడా వద్దు అక్కడ.

లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం గురించి కోపంగా రాశావు, అమరావతి శిల్పాలు దొంగిలించారని. కోపం ఉండొచ్చు, తప్పు లేదు. కానీ మూడు పేరాల కోపంలో ఒక్క శిల్పం గురించి కూడా లేదు. వాటిని తవ్వించిన ఈస్టిండియా కంపెనీ అధికారులు కాలిన్ మెకంజీ, వాల్టర్ ఇలియట్ పేర్లు, 1859లో ఓడలో లండన్ చేరిన సంగతి రెండు వాక్యాల్లో చెప్పి ఒక పలక ముందు నిలబడు. అక్కడ రెండువైపులా చెక్కిన పలక ఒకటుంది. ఒకవైపు క్రీస్తుకి ముందటి పని, బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం. బుద్ధుడి బొమ్మ లేదు. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి వెనకవైపు స్తూపాన్ని చెక్కారు. అంటే మన కృష్ణాతీరం పనివాళ్లు పాత రాయిని పారేయకుండా మళ్లీ వాడుకున్నారన్నమాట. తెలుగువాళ్లలో ఎక్కువమంది ఆ హాల్లోకి వెళ్లి, "మనవే" అని ఒక ఫోటో దిగి, ఈజిప్టు మమ్మీల వైపు పోతారు. మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో ఇంకా బోలెడు అమరావతి శిల్పాలున్నాయి, దానికి వీసా కూడా అక్కర్లేదు, ముందు అక్కడికి వెళ్లిరా.

నాలుగు ఊళ్లూ ఒకేసారి పెట్టుకోకు. ముందు ప్రాగ్ ఒక్కటే తిరగరాయి, ఫోటోలు లేకుండా. నీకు గుర్తులేనివి ఊహించి నింపొద్దు, వదిలెయ్. ఆ మాస్టారి నంబరు ఉంటే ఒకసారి ఫోన్ చేసి ఆ రోజు ఆయన ఏం చూశారో అడుగు, లెక్కల మాస్టారంటున్నావు కాబట్టి ఆ గడియారాన్ని ఆయన నీకంటే శ్రద్ధగా చూసి ఉంటారు. నెలాఖరులోపు పంపు, వచ్చే నెల నేను ఊళ్లో ఉండను.