టీవీకి ఏ ప్లేయర్ కొనాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నెట్‌లోని సినిమాలు, కార్యక్రమాలు చూడటానికి టీవీకి తగిలించే స్టిక్‌లు, బాక్సుల మీద వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఎంచి జవాబులు ఇస్తున్నాం. కొట్టుకు వెళ్లేముందు మాత్రం ఒకసారి టీవీ వెనక్కి వెళ్లి ఏ పోర్టులున్నాయో, వాటిలో ఏవి ఖాళీగా ఉన్నాయో చూసి కాగితం మీద రాసుకోండి. సగం తప్పుడు కొనుగోళ్లు అక్కడే ఆగిపోతాయి.

ప్రశ్న: మా 32 అంగుళాల స్మార్ట్ టీవీ కొని ఎనిమిదేళ్లయింది. బొమ్మ బాగానే ఉంది గానీ యాప్‌లు ఒక్కొక్కటిగా పనిచేయడం మానేశాయి. కొత్త టీవీ కొనాలా, స్టిక్ పెడితే సరిపోతుందా? స్టిక్ అయితే మామూలుది చాలా, 4కె తీసుకోవాలా?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: టీవీ మార్చకండి. తెర బాగున్నప్పుడు పాతబడింది లోపలి సాఫ్ట్‌వేరే. హెచ్‌డీఎంఐ పోర్టు (బొమ్మ, శబ్దం రెండూ ఒకే కేబుల్‌తో వచ్చేది) ఒకటి ఖాళీగా ఉంటే అమెజాన్ వారి ఫైర్ టీవీ స్టిక్ గానీ, గూగుల్ వారి ఆండ్రాయిడ్ టీవీ లేదా గూగుల్ టీవీ సాఫ్ట్‌వేర్ ఉన్న పేరున్న కంపెనీ స్టిక్ గానీ పెట్టుకోండి.

32 అంగుళాల టీవీల్లో చాలావాటి తెర 1366 × 768 పిక్సెళ్లే. కాబట్టి అంతకంటే ఎన్నో రెట్లు పిక్సెళ్లు పంపే 4కె స్టిక్ పెట్టినా బొమ్మలో తేడా రాదు. అయినా మా సలహా 2 జీబీ ర్యామ్ ఉన్నదే కొనమని. 1 జీబీ ర్యామ్ ఉన్నవి కొత్తలో బాగానే నడుస్తాయి. ఏడాది తిరిగేసరికి యాప్‌లు బరువెక్కి, రిమోట్ నొక్కాక మెనూ కదలడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. సాధారణంగా 2 జీబీ ర్యామ్ ఉండేది 4కె మోడళ్లలోనే గానీ, 4కె అని రాసున్న ప్రతిదానిలోనూ ఉండదు. పెట్టె మీద ఆ అంకె వెతికి చూసి మరీ కొనండి.

స్టోరేజీ 8 జీబీ అని ఉంటే మీ వాడకానికి మిగిలేది సుమారు 5 జీబీ. అది నిండితే స్టిక్ నత్తనడక నడుస్తుంది. ఫైర్ టీవీలో సెట్టింగ్స్, అప్లికేషన్స్, మేనేజ్ ఇన్‌స్టాల్డ్ అప్లికేషన్స్ వరకూ వెళ్లి, పెద్ద యాప్‌లను ఎంచుకుని ‘క్లియర్ క్యాష్’ నొక్కండి, తాత్కాలిక ఫైళ్లు మాత్రమే పోతాయి. పక్కనే ఉండే ‘క్లియర్ డేటా’ నొక్కితే మాత్రం లాగిన్ కూడా పోతుంది, జాగ్రత్త.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ‘8 జీబీ ర్యామ్, 128 జీబీ, 8కె, అన్ని చానెళ్లూ జీవితాంతం ఉచితం’ అంటూ ఒక ఆండ్రాయిడ్ బాక్స్ రెండున్నర వేలకే దొరుకుతోంది. పేరున్న కంపెనీల స్టిక్ అంతకంటే ఎక్కువ ధరకి 2 జీబీయే ఇస్తోంది. ఇది కొంటే లాభం కదా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కొనకండమ్మా. ఈ నెల ప్రశ్నలన్నిటిలో మమ్మల్ని బాగా కలవరపెట్టింది ఇదే.

మొదట ఆ అంకెల సంగతి. అంత తక్కువ ధరకి 8 జీబీ ర్యామ్ రాదు. లోపల 1 జీబీయో 2 జీబీయో పెట్టి, సెట్టింగ్స్‌లో 8 అని కనిపించేలా సాఫ్ట్‌వేర్‌ను మార్చి అమ్మేవాళ్లున్నారు. స్టోరేజీ కూడా అంతే. 128 అని చూపించి, కొంత నింపగానే ఫైళ్లు పాడవుతాయి.

రెండోది, అందులో ఉండేది చాలావరకు ఫోన్ల కోసం చేసిన మామూలు ఆండ్రాయిడ్. టీవీల కోసం గూగుల్ ఇచ్చే ఆండ్రాయిడ్ టీవీ వేరు. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో లాంటివి హెచ్‌డీ పంపేముందు పరికరంలో ‘వైడ్‌వైన్’ అనే రక్షణ ఏ స్థాయిలో ఉందో చూస్తాయి. ఎల్1 ఉంటేనే హెచ్‌డీ, 4కె వస్తాయి. ఈ బాక్సుల్లో సాధారణంగా ఉండేది ఎల్3. అంటే నెలనెలా ప్రీమియం ప్లాన్‌కి డబ్బు కట్టి కూడా 480పి బొమ్మే, అంటే హెచ్‌డీ కంటే తక్కువ స్పష్టత ఉన్నదే చూస్తారు. పెట్టె మీద 8కె అని రాసినా జరిగేది అదే.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. 2023 మొదట్లో టీ95 అనే రకం బాక్సులో ఫ్యాక్టరీ నుంచే మాల్వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) వస్తోందని ఒక పరిశోధకుడు బయటపెట్టారు. 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, ఇలాంటి చౌక పరికరాలను నేరగాళ్ల చేతికిచ్చే ‘బ్యాడ్‌బాక్స్ 2.0’ గురించి ప్రజలకు హెచ్చరిక జారీ చేసింది. తర్వాతి నెలలో గూగుల్ దావా వేస్తూ కోటికి పైగా పరికరాలు దీని బారిన పడ్డాయని చెప్పింది. ఇలాంటి బాక్సు మీ ఇంటి నెట్‌లోకి ఎవరికో దారి తెరుస్తుంది. మీ కనెక్షన్ మీదుగా వేరేవాళ్లు మోసాలు చేస్తే అక్కడ కనిపించే ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్ గుర్తింపు సంఖ్య) మీదే అవుతుంది. మాల్వేర్ బాక్సును నడిపే మూల సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది కాబట్టి ఫ్యాక్టరీ రీసెట్ చేసినా పోదు. ‘అన్ని చానెళ్లూ ఉచితం’ అన్న మాటే అది దొంగ ప్రసారమని చెబుతోంది. రేపు ఆ సర్వర్ ఆగిపోతే అడగడానికి ఎవరూ ఉండరు.

ఇప్పటికే ఇంట్లో ఇలాంటి బాక్స్ ఉంటే ఒక పరీక్ష చేయండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ కింద ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ అనే వరుస ఉంటుంది. అక్కడ ‘సర్టిఫైడ్’ అని లేకపోతే వెంటనే నెట్ నుంచి తీసేయండి. తర్వాత ఫోన్‌లో మీ గూగుల్ ఖాతా తెరిచి, పరికరాల జాబితా నుంచి ఆ బాక్సును తొలగించి పాస్‌వర్డ్ మార్చండి. వైఫై పాస్‌వర్డ్ కూడా మార్చండి. ప్లే స్టోర్‌లో ‘డీఆర్ఎం ఇన్ఫో’ అనే ఉచిత యాప్ దొరుకుతుంది. కొత్తగా కొన్న ఏ ఆండ్రాయిడ్ బాక్సులోనైనా అది వేసి ఎల్1 ఉందో లేదో చూసుకోండి. లేకపోతే వాపసు గడువు దాటకముందే తిరిగి ఇచ్చేయండి.

ప్రశ్న: మా అమ్మగారి దగ్గర పాత డబ్బా టీవీ ఉంది. వెనక పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలే. దానికి స్టిక్ పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, నర్సీపట్నం

జవాబు: పెట్టొచ్చు. హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి (ఆ మూడు రంగుల రంధ్రాలకి) మార్చే చిన్న కన్వర్టర్ కావాలి. కొట్లో ‘హెచ్‌డీఎంఐ టు ఏవీ’ అని స్పష్టంగా అడగండి. చూడ్డానికి ఒకేలా ఉండే ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ’ తెచ్చుకుంటే పనిచేయదు, సిగ్నల్ ఒకే దిక్కుకు వెళ్తుంది. కన్వర్టర్‌కూ 5 వోల్టుల కరెంటు ఇవ్వాలి. కాబట్టి స్టిక్‌కి ఒకటి, దానికి ఒకటి, మొత్తం రెండు ఛార్జర్లు సిద్ధం చేసుకోండి. కన్వర్టర్ పక్కన ఉండే చిన్న స్విచ్‌ను ‘పాల్’ (పీఏఎల్, మన దేశపు టీవీ పద్ధతి) వైపు పెట్టండి. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా పద్ధతి) వైపు ఉంటే పాత టీవీల్లో బొమ్మ నలుపు తెలుపులో వస్తుంది, లేదా పైకీ కిందికీ దొర్లుతుంది. మెనూ వచ్చి సినిమా పెట్టగానే నల్ల తెర వస్తే ఆ కన్వర్టర్‌కి హెచ్‌డీసీపీ (సినిమాలు కాపీ కాకుండా పెట్టిన రక్షణ) కుదరలేదన్నమాట, ఇంకో రకం మార్చి చూడాలి. అక్షరాలు చిన్నగా, మసకగా ఉంటాయి. పాటలకీ సినిమాలకీ పరవాలేదు గానీ, కళ్లు సరిగా కనిపించని పెద్దవాళ్లు ఆ మెనూ చదవలేరు.

ప్రశ్న: స్టిక్ ఉన్నట్టుండి దానంతట అదే రీస్టార్ట్ అవుతోంది. రాత్రి తొమ్మిదైతే బొమ్మ ఆగి చక్రం తిరుగుతూనే ఉంటుంది. మా ప్లాన్ 100 ఎంబీపీఎస్. స్టిక్ పాడైందా?
– ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. రీస్టార్ట్ కావడానికి కారణం దాదాపు ఎప్పుడూ కరెంటే. స్టిక్ వైరును టీవీ యూఎస్‌బీ పోర్టులో పెట్టి ఉంటారు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది అర ఆంపియర్, స్టిక్‌కి కావలసింది 1 ఆంపియర్. పెట్టెతో వచ్చిన అడాప్టర్‌నే గోడ ప్లగ్గులో పెట్టండి.

ఇక చక్రం తిరగడం. ఒక 4కె సినిమాకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీకి 5 చాలు. కాబట్టి 100 ప్లాన్ మీకు కావలసినదానికంటే ఎక్కువే. అది స్టిక్ దాకా చేరుతోందా అన్నదే చూడాలి. రాత్రి తొమ్మిదికే ఫోన్‌ను టీవీ వెనక, స్టిక్ ఉన్నచోట పట్టుకుని స్పీడ్ టెస్ట్ చేయండి. తర్వాత రూటర్ పక్కన నిలబడి మళ్లీ చేయండి. రెండు చోట్లా తక్కువే వస్తే ఇబ్బంది నెట్ కంపెనీ దగ్గర ఉంది, ఆ అంకెలతోనే ఫిర్యాదు చేయండి. రూటర్ దగ్గర బాగుండి టీవీ వెనక పడిపోతే లోపం ఇంట్లోని వైఫైది. వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్‌జ్ బ్యాండ్ మీద చుట్టుపక్కల ఇళ్ల రూటర్లన్నీ రాత్రిపూట రద్దీ చేస్తాయి. స్టిక్‌ను 5 గిగాహెర్ట్‌జ్ బ్యాండ్‌కి మార్చండి. అయితే అది గోడలు దాటితే బాగా బలహీనపడుతుంది. రూటర్ వేరే గదిలో ఉండి మధ్యలో రెండు గోడలుంటే 2.4 మీదే ఉండడం మేలు.

స్టిక్‌తో పాటు జానెడు కూడా లేని ఒక చిన్న హెచ్‌డీఎంఐ కేబుల్ వస్తుంది, చాలామంది పెట్టెలోనే వదిలేస్తారు. దాన్ని వాడండి. స్టిక్ టీవీ వీపుకి అతుక్కుని ఉంటే లోపలి లోహపు రేకు వైఫైని అడ్డుకుంటుంది, వేడి కూడా తగులుతుంది. కేబుల్‌తో కాస్త బయటికి వేలాడితే రెండూ తగ్గుతాయి.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి వీడియో ఫొటోగ్రాఫర్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. కంప్యూటర్‌లో ఆడుతోంది, టీవీలో ఆడటం లేదు. హార్డ్‌డిస్క్‌లో దాచుకున్న పాత సినిమాలు కొన్నిటికి బొమ్మ వస్తోంది, శబ్దం రాదు. తెలుగు సబ్‌టైటిళ్లేమో పిచ్చి గుర్తుల్లా పడుతున్నాయి. దేనితో చూడాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీలాంటివాళ్లకి స్టిక్ వద్దు, యూఎస్‌బీ పోర్టు ఉన్న సర్టిఫైడ్ ఆండ్రాయిడ్ టీవీ బాక్స్ తీసుకోండి. అందులో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ యాప్ వేసుకోండి, ఉచితమే.

పెళ్లి వీడియోలు ఇప్పుడు 4కెలో, హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో ఇస్తున్నారు. పాత టీవీ చిప్‌కి దాన్ని విప్పే శక్తి ఉండదు, అందుకే ఆడదు. 4కె హెచ్.265 ఆడే బాక్స్ అయితే ఆ చిక్కు ఉండదు. బాక్స్ కొనకుండా టీవీలోనే చూడాలంటే ఫుల్ హెచ్‌డీలో, పాత హెచ్.264 పద్ధతిలో ఇంకో కాపీ ఇమ్మని ఫొటోగ్రాఫర్‌నే అడగండి, వాళ్లకది చిన్న పని. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంటే ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. పెద్ద ఫైల్ కాపీ కాకపోతే ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చాలి. ముందు లోపలున్నవి వేరేచోట దాచుకోండి, ఫార్మాట్ చేస్తే అన్నీ పోతాయి.

శబ్దం రానివి చాలావరకు డీటీఎస్ అనే రకం ఆడియో ఉన్న ఫైళ్లు. చాలా టీవీలకు దాన్ని చదివే లైసెన్స్ లేదు. వీఎల్‌సీ తానే విప్పి స్పీకర్లకు పంపుతుంది. సబ్‌టైటిల్ ఫైల్‌ను కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్‌తో తెరవండి. అక్కడ తెలుగు సరిగ్గా కనిపిస్తే ‘సేవ్ యాజ్’ నొక్కి, కింద ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకుని దాచండి. ఫైల్ పేరు సినిమా పేరుతో అక్షరం తేడా లేకుండా ఉండాలి. అక్షరాల బదులు డబ్బాలు డబ్బాలుగా పడితే అది ఫాంట్ లేకపోవడం వల్ల, ఆ ప్లేయర్ మార్చాల్సిందే.

హార్డ్‌డిస్క్ టిక్ టిక్ మంటూ ఆగిపోతుంటే పోర్టు కరెంటు చాలడం లేదు. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెట్టండి. అలాగే వాడితే డిస్కే పాడవుతుంది.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాం. సంక్రాంతికి రాజమండ్రి వస్తూ అమ్మానాన్నలకి ఇక్కడి రోకు (అమెరికాలో దొరికే ఇలాంటి ప్లేయర్) తేవచ్చా? మేం అందులోనే తెలుగు చూస్తాం.
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: వద్దండి, రాజమండ్రిలోనే కొనండి. రోకును మన దేశంలో అధికారికంగా అమ్మడం లేదు, వారంటీ గానీ, ఇక్కడి చందాలకు తగ్గ యాప్‌ల ఏర్పాటు గానీ ఉండవు. ఇప్పటికే ఫైర్ స్టిక్ కొనేసి ఉంటే తేవచ్చు. హెచ్‌డీఎంఐ ఎక్కడైనా ఒకటే, 5 వోల్టులు 1 ఆంపియర్ ఇచ్చే ఫోన్ ఛార్జర్ సరిపోతుంది. దాన్ని మీ ఖాతాలో కాకుండా నాన్నగారి భారత్ అమెజాన్ ఖాతాలో రిజిస్టర్ చేయండి, యాప్‌ల జాబితా ఖాతా దేశాన్ని బట్టే వస్తుంది.

మీరు ఉన్న నాలుగు రోజుల్లో చేయాల్సినవి చెబుతాం. వాళ్లు చూసే మూడు నాలుగు యాప్‌లను ముందు వరుసకి తెచ్చి మిగతావి తీసేయండి. టీవీలో హెచ్‌డీఎంఐ సీఈసీ ఆన్ చేయండి. శాంసంగ్‌లో దాని పేరు ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. అప్పుడు స్టిక్ రిమోట్‌లో హోమ్ నొక్కితే టీవీ తానే వెలిగి సరైన ఇన్‌పుట్‌కి వస్తుంది. ‘నో సిగ్నల్ అంటోందిరా’ అనే ఫోన్లు సగం తగ్గుతాయి. కొనుగోళ్లకి పిన్ పెట్టండి. ఫైబర్ రూటర్‌ను కూడా ఇన్వర్టర్ లైన్‌కి కలపండి.

ప్రశ్న: 55 అంగుళాల 4కె టీవీ, 4కె స్టిక్ రెండూ ఉన్నాయి. అయినా హెచ్‌డీఆర్ (వెలుగునీడలు, రంగులు ఇంకా బాగా చూపే పద్ధతి) రావడం లేదు. కెమెరా పక్కకి మెల్లగా తిరిగే దృశ్యాల్లో బొమ్మ ఉండుండి కుదుపుతోంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కొన్ని టీవీల్లో అన్ని హెచ్‌డీఎంఐ పోర్టులూ ఒకటి కావు, ముందు మాన్యువల్ చూసి స్టిక్‌ను సరైనదానికి మార్చండి. తర్వాత టీవీ సెట్టింగ్స్‌లో ఆ పోర్టుకి పూర్తి సామర్థ్యం ఇవ్వాలి. సోనీలో ‘ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్’, ఎల్‌జీలో ‘అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్’, శాంసంగ్‌లో ‘ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్’. శాంసంగ్ టీవీల్లో హెచ్‌డీఆర్‌లో ఒక రకమైన డాల్బీ విజన్ ఉండదు, దానికోసం వెతకొద్దు.

కుదుపు సంగతికి వస్తే, సినిమా సెకనుకి 24 ఫ్రేములు, స్టిక్ పంపేది 60. ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతిది రెండుసార్లు చూపించాల్సి వస్తుంది, ఆ హెచ్చుతగ్గే మీకు కుదుపుగా కనిపిస్తోంది. ఫైర్ టీవీ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ‘మ్యాచ్ ఒరిజినల్ ఫ్రేమ్ రేట్’ ఆన్ చేయండి. యాపిల్ టీవీలో దీన్ని ‘మ్యాచ్ కంటెంట్’ అంటారు, చాలా యాప్‌లలో చక్కగా పనిచేస్తుంది. సినిమా మొదలయ్యేటప్పుడు తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, కంగారు పడొద్దు.

ప్రశ్న: కొత్త స్టిక్‌లో నెట్‌ఫ్లిక్స్ లాగిన్ అయింది గానీ సినిమా ఆడటం లేదు. స్టిక్ వాపసు ఇచ్చేయనా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ముందు మీ ప్లాన్ చూడండి. మొబైల్ ప్లాన్ ఫోన్, ట్యాబ్లెట్లకే పరిమితం, టీవీలో ఆడదు. బేసిక్‌కి మారితే 720పి వస్తుంది, ఫుల్ హెచ్‌డీకి స్టాండర్డ్, 4కెకి ప్రీమియం కావాలి. మిగతా యాప్‌లలోనూ మొబైల్‌కి మాత్రమే ఇచ్చే చౌక ప్లాన్లు ఉంటాయి. రీఛార్జ్‌తో ఉచితంగా వచ్చే చందాలు తరచూ ఆ రకమే కాబట్టి స్టిక్ పెట్టె విప్పకముందే ఫోన్‌లో ప్లాన్ పేరు చూసుకోండి.