వీడియో చూసి కంపైలర్ తీసేస్తే వైఫై పోయింది

ప్రశ్న: బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఉంది. ల్యాబ్‌లో జీసీసీ 9 అనే కంపైలర్ (మనం రాసిన ప్రోగ్రామ్‌ని మెషిన్ నడపగలిగే రూపంలోకి మార్చే సాఫ్ట్‌వేర్) కావాలన్నారు. ఓ వీడియోలో చెప్పినట్టు టెర్మినల్‌లో ఉన్న జీసీసీని తీసేసి, బయటి రిపాజిటరీ (సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు దించుకునే చోటు) ఒకటి కలిపి 9 ఎక్కించాను. రీస్టార్ట్ చేశాక వైఫై కనిపించట్లేదు. ఫార్మాట్ కొట్టాలా?
– ఒక విద్యార్థి, మధురవాడ

ఫార్మాట్ కొట్టకండి. సెమిస్టర్ మొదలైతే చాలు, మధురవాడ నుంచి గాజువాక దాకా ఇదే గోల. ఒకరికి వైఫై పోతుంది, ఇంకొకరికి గ్రాఫిక్స్ డ్రైవర్ పోతుంది.

కొన్ని వైఫై చిప్‌ల డ్రైవర్‌ని మీ మెషిన్ మీదే కంపైల్ చేసి కెర్నల్‌కి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి, అందించే టూల్ డీకేఎమ్‌ఎస్. అది కంపైలర్ మీద ఆధారపడుతుంది. జీసీసీని తీసేయమంటే ఆప్ట్ (ఉబుంటులో ప్యాకేజీలు ఎక్కించే, తీసేసే కమాండ్) దాంతోపాటు డీకేఎమ్‌ఎస్‌నీ, దాని మీద నిలబడ్డ డ్రైవర్‌నీ తీసేయొచ్చు. మీ విషయంలో జరిగింది ఇదే అయ్యుంటుంది. తీసేసే ముందు ఏవేవి పోతాయో జాబితా చూపించి, సరేనా అని అడుగుతుంది కూడా. కానీ ఇలాంటి వీడియోల్లో కమాండ్ చివర 'హైఫన్ వై' తగిలిస్తారు, అంటే అడక్కుండా కానిచ్చేయమని. చూసేవాడికి ఆ జాబితా చదివే అవకాశమే లేకుండా చేస్తున్నారు, ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. 'హైఫన్ ఎస్' పెట్టి చూడండి, ఏదీ ముట్టుకోకుండా ఏం చేయబోతోందో మాత్రం చెబుతుంది.

ఇప్పుడు ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేయండి, నెట్ వస్తుంది. వార్ లాగ్ ఆప్ట్ ఫోల్డర్లో హిస్టరీ డాట్ లాగ్ అనే ఫైల్ తెరిస్తే ఆ రోజు ఏయే ప్యాకేజీలు పోయాయో పేర్లతో సహా ఉంటాయి. ఆ బయటి రిపాజిటరీ పీపీఏ (లాంచ్‌ప్యాడ్ సైట్‌లో ఎవరైనా పెట్టుకునే రిపాజిటరీ) అయితే, ముందు పీపీఏ-పర్జ్ అనే టూల్‌తో దాన్ని వదిలించుకోండి. ఊరికే దాని లైన్ తీసేస్తే సరిపోదు, దాన్నుంచి వచ్చిన ప్యాకేజీలు అలాగే ఉండిపోతాయి. తర్వాత జీసీసీ, డీకేఎమ్‌ఎస్, ఆ జాబితాలోని డ్రైవర్ మళ్లీ ఎక్కించండి.

అసలు మీకు బయటి రిపాజిటరీ అవసరమే లేదు. 22.04 సొంత రిపాజిటరీలోనే జీసీసీ-9 ఉంది, అసలు కంపైలర్ 11 పక్కనే ఏ గొడవా లేకుండా ఉంటుంది. ల్యాబ్ ప్రోగ్రామ్‌కి జీసీసీ-9 అని పూర్తి పేరుతో పిలవండి, లేదంటే మేక్‌ఫైల్‌లో (ప్రోగ్రామ్‌ని ఎలా కంపైల్ చేయాలో రాసే ఫైల్) సీసీ దగ్గర ఆ పేరు రాయండి. అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ అనే కమాండ్‌తో సిస్టమ్ మొత్తానికీ కంపైలర్ మార్చేయమనే సలహా వినకండి. ఒక్క ల్యాబ్ కోసం డ్రైవర్లను కూడా పాత కంపైలర్ మీదకి నెట్టడం ఎందుకు?

నాకు ఎక్కువ టెన్షన్ ఉన్నది వైఫై గురించి కాదు. ప్యాకేజీ ఎక్కేటప్పుడు దాని లోపలి స్క్రిప్టులు రూట్ అధికారంతో, అంటే సిస్టమ్‌లో ఏదైనా చేయగలిగే అధికారంతో, నడుస్తాయి. ఎవరిదో తెలియని రిపాజిటరీ కలపడమంటే ఇంటి తాళం వాళ్ల చేతికివ్వడమే. నెట్‌లోంచి స్క్రిప్ట్ దించి నేరుగా సుడో బాష్‌లోకి పంపించే (చదవకుండానే రూట్ అధికారంతో నడిపేసే) లైన్ ఇంకా ఘోరం. పైగా వచ్చేది కంపైలర్, అది పాడైతే దాంతో తయారయ్యేవన్నీ పాడే. 2015లో చైనాలో అదే జరిగింది. అధికారిక డౌన్‌లోడ్ ఆలస్యమవుతోందని కొందరు డెవలపర్లు ఫైల్ షేరింగ్ సైట్ల నుంచి ఎక్స్‌కోడ్ (ఐఫోన్ యాప్‌లు తయారుచేసే యాపిల్ సాఫ్ట్‌వేర్, కంపైలర్ అందులోనే ఉంటుంది) దించుకున్నారు, అందులో ఎవరో మాల్వేర్ కలిపారు, వాళ్లు కట్టిన ఐఫోన్ యాప్‌లన్నిటిలోకీ అది చేరింది, వీచాట్‌తో సహా. ఎక్స్‌కోడ్‌ఘోస్ట్ అంటే ఇదే.

ఆ రిపాజిటరీ ఎవరిదో మీకు తెలియకపోతే, అది ఉన్నన్నాళ్లూ ఆ ల్యాప్‌టాప్‌లో వాడిన పాస్‌వర్డ్‌లు ఈరోజే వేరే మెషిన్ నుంచి మార్చండి, మెయిల్‌తో మొదలుపెట్టండి. ల్యాబ్ చూసే లెక్చరర్లకి ఒక్క మాట: ఏ వెర్షన్ కావాలో, దాన్ని ఏ ఆప్ట్ కమాండ్‌తో ఎక్కించాలో ల్యాబ్ మాన్యువల్ మొదటి పేజీలో రాయండి. పిల్లలు వీడియోలు వెతుక్కునే పరిస్థితి ఉండదు.