ఎండ దెబ్బకి రొయ్య జన్యువులు మారిపోతాయా?

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల మీద ఎండలు చూసి మీరడిగారు కాబట్టి చెప్తున్నా: జన్యువులు మారవు. ఏ జన్యువు పనిచేయాలి, ఏది ఆగాలి అన్నది మారుతుంది.

నీళ్లు బాగా వేడెక్కితే కణంలో ప్రోటీన్ల మడతలు చెదిరిపోతాయి. మామూలప్పుడు హెచ్‌ఎస్‌ఎఫ్1 అనే ప్రోటీన్‌ని హెచ్‌ఎస్‌పీ70, హెచ్‌ఎస్‌పీ90 అనే మరమ్మతు ప్రోటీన్లు కదలనివ్వకుండా పట్టుకుని ఉంటాయి. చెదిరినవాటిని సరిచేసే పనిలో అవి పడగానే హెచ్‌ఎస్‌ఎఫ్1కి పట్టు వదులుతుంది. అప్పుడు హెచ్‌ఎస్‌ఎఫ్1లు మూడేసి కలిసి డీఎన్ఏని అంటుకుని, ఆ మరమ్మతు ప్రోటీన్లనే ఇంకా తయారు చేయిస్తాయి. అవి సరిపడా పెరిగాక మళ్లీ దాన్ని పట్టేస్తాయి. భలే ఏర్పాటు! 1962లో రిటోసా అనే శాస్త్రవేత్త దీని జాడను పండ్ల ఈగల్లో చూశారు. వేడికి వాటి క్రోమోజోములు కొన్నిచోట్ల ఉబ్బాయి.

కాసేపటి ఒత్తిడి నుంచి కణం తేరుకుంటుంది. అదే పనిగా సాగితేనే చిక్కు. మన షుగర్ జబ్బే తీసుకోండి. 2012లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో, ఒత్తిడికి గురైన బీటా కణాలు (ఇన్సులిన్ తయారుచేసేవి) చాలావరకు చావలేదు. ఇన్సులిన్ తయారీ మానేసి, పిండ దశ నాటి జన్యువులను మళ్లీ తెరిచాయి. బతికే ఉన్నాయి గానీ బీటా కణాలుగా కాదు.

చెరువులో ఇంకో తంటా ఉంది: వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, అదీ ఒత్తిడే. నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆపకండి.