గతుకుల్లో ఆగిపోయే అంబాసిడర్

ప్రశ్న: మా నాన్నగారి పాత పెట్రోల్ అంబాసిడర్ గతుకుల రోడ్డు మీద ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపటికి మళ్ళీ స్టార్టవుతోంది. బ్యాటరీ కొత్తది. మెకానిక్, ప్లగ్గులకు హై ఓల్టేజి కరెంటు ఇచ్చే కాయిల్ మార్చాలంటున్నారు. మార్చమంటారా?

జవాబు: తొందరపడి మార్చకండి. బండి ఆగిపోయి ఉన్నప్పుడే తాళం ఆన్ చేసి, టెస్ట్ ల్యాంపు (రెండు వైర్లు తగిలించిన చిన్న 12 వోల్టుల బల్బు) ఒక కొసను బాడీకి ఆనించి, రెండో కొసను కాయిల్ మీద తాళం స్విచ్ నుంచి తెల్ల వైరు వచ్చే టెర్మినల్‌కు తాకించండి; వెలగకపోతే లోపం స్విచ్‌లోనో, ఆ వైరులోనో ఉన్నట్టు. వెలిగితే, కాయిల్ మీదే డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) వైపు టెర్మినల్‌కు తాకించి, మరొకరి చేత సెల్ఫ్ కొట్టించండి. డిస్ట్రిబ్యూటర్ లోపల కాయిల్ కరెంటును కలుపుతూ తెంపుతూ ఉండే పాయింట్లు విడినప్పుడు ల్యాంపు వెలగాలి, కలిసినప్పుడు ఆరాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే, నా అనుమానమంతా డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లకు వెళ్ళే చిన్న వైరు మీదే. పాయింట్లను మోస్తూ, నిప్పురవ్వ పడే సమయాన్ని సర్దడానికి అటూ ఇటూ తిరిగే వ్యాక్యూమ్ అడ్వాన్స్ ప్లేటుతో పాటు అది నిత్యం కదులుతూ ఉండడం వల్ల, పై తొడుగు చెక్కుచెదరకపోయినా లోపలి రాగి పోగులు తెగిపోతాయి. మెల్లగా లాగితే తొడుగు రబ్బరులా సాగుతుంది. దాని స్థానంలో సన్నని పోగులున్న మెత్తని వైరునే వేయించండి, బిరుసు వైరు మళ్ళీ తెగుతుంది. ప్లేటును బాడీకి కలిపే ఎర్త్ వైరునూ, పాయింట్ల మధ్య 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల ఎడమునూ అప్పుడే సరిచూడండి. ఇంజిన్ ఆగి ఉండగా తాళాన్ని ఎక్కువసేపు ఆన్‌లో వదలకండి; పాయింట్లు కలిసి ఉంటే బాగున్న కాయిల్ కూడా వేడెక్కి పాడవుతుంది.