గాలికి వదిలేసిన పిన్: సీమాస్ చిప్‌లపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: సీడీ4011 చిప్‌లోని నాలుగు నాండ్ గేట్లలో (రెండు ఇన్‌పుట్‌లూ 1 అయితేనే 0 ఇచ్చేవి) నాకు ఒకటే కావాలి. మిగతా మూడింటి పిన్నులకు ఏమీ కలపలేదు. నా గేటు బాగానే పనిచేస్తోంది గానీ 9 వోల్టుల బ్యాటరీ త్వరగా అయిపోతోంది. చెయ్యి దగ్గరికి తెస్తే వాడని అవుట్‌పుట్‌లు మారుతున్నాయి. చిప్ పాడైందా?

జవాబు: పాడవలేదు. ఏమీ కలపని ఇన్‌పుట్ సున్నాలో ఉంటుందనుకోవడంతోనే చిక్కు మొదలైంది. పీమాస్, ఎన్‌మాస్ అనే రెండు రకాల ట్రాన్సిస్టర్లతో చేసిన చిప్‌నే సీమాస్ అంటారు. దాని ఇన్‌పుట్ అంటే కొద్ది పికోఫారడ్ల బుల్లి కెపాసిటర్. దాని మీది చార్జిని ఏదో ఒకటి పట్టి ఉంచకపోతే పక్క తీగ, మీ చెయ్యి, బోర్డు మీది తేమ, ఏది లాగితే అటు పోతుంది. అది సప్లైలో సగం దగ్గర నిలిచిందంటే పైన పీమాస్ (ఇన్‌పుట్ 0 అయితే ఆన్ అయ్యేది), కింద ఎన్‌మాస్ (1 అయితే ఆన్ అయ్యేది) రెండూ సగం సగం తెరుచుకుంటాయి. బ్యాటరీ కరెంటు వాటి గుండా నేరుగా గ్రౌండ్‌కు పారుతుంది.

1, 2, 3 పిన్నుల గేటును వాడుతున్నారనుకుంటే, 5, 6, 8, 9, 12, 13 పిన్నులను 7వ పిన్‌కు, అంటే గ్రౌండ్‌కు కలపండి. 4, 10, 11 అవుట్‌పుట్‌లు. వాటిని మాత్రం దేనికీ కలపకండి. వాడే గేటులోనే ఒక ఇన్‌పుట్ మిగిలితే దాన్ని 14వ పిన్‌కు, అంటే ప్లస్‌కు కలపాలి. గ్రౌండ్‌కు కలిపితే నాండ్ అవుట్‌పుట్ 1 దగ్గర బిగుసుకుపోతుంది. స్విచ్ నుంచో కేబుల్ నుంచో వచ్చే ఇన్‌పుట్‌కు 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను గ్రౌండ్‌కు వేయండి, కేబుల్ ఊడినా పిన్ గాలికి పోదు. ఇదంతా చేశాక, అవుట్‌పుట్‌ల మీద లోడు తీసేసి, స్విచ్‌లు తెరిచి, ఇన్‌పుట్‌లు కదలకుండా ఉంచి బ్యాటరీ కరెంటు కొలవండి. గది ఉష్ణోగ్రతలో ఒక మైక్రో యాంపియర్ దాటకూడదు. దాటితే ఇంకా ఏదో పిన్ వేలాడుతోంది, లేదా చిప్ నిజంగానే దెబ్బతింది.

ప్రశ్న: రెండు ఇన్‌పుట్‌ల నాండ్ సెల్ డిజైన్ చేసి చిప్ చేయించాం. టెస్టర్‌లో 00, 01, 10, 11 వరసగా ఇచ్చాం, నాలుగూ పాస్ అయ్యాయి. అదే గేటు అసలు సర్క్యూట్‌లో అప్పుడప్పుడూ తప్పు జవాబు ఇస్తోంది. ట్రూత్ టేబుల్ మొత్తం సరిపోయాక ఇంకేం తప్పు ఉంటుంది?

జవాబు: మీరు ఇచ్చిన వరసలోనే తప్పు దాక్కుంది. ఇది చాలామందికి తగిలే ఉచ్చు కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

నాండ్‌లో పైన రెండు పీమాస్‌లు పక్కపక్కన, కింద రెండు ఎన్‌మాస్‌లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. రెండు ఇన్‌పుట్‌లకు ‘ఏ’, ‘బీ’ అని పేర్లు పెట్టుకుందాం; 01 అంటే ఏ=0, బీ=1. ‘ఏ’ ఇన్‌పుట్‌కు చెందిన పీమాస్ కాంటాక్ట్ తెగిపోయి, అది ఎప్పుడూ ఆన్ కావడం లేదనుకోండి. మొదట 00: బీ పీమాస్ అవుట్‌పుట్‌ను 1కి లాగుతుంది, పాస్. తర్వాత ఏ=0, బీ=1: ఏ పీమాస్ లాగాలి, అది చచ్చింది. కింద ఎన్‌మాస్‌ల దారి కూడా మూసే ఉంది. అవుట్‌పుట్‌ను పట్టుకునేవాళ్లెవరూ లేరు, పాత 1 కెపాసిటెన్స్ మీద అలాగే నిలిచిపోతుంది. టెస్టర్‌కు 1 కనిపిస్తుంది, పాస్. 10కి బీ పీమాస్ 1 ఇస్తుంది, 11కి 0 వస్తుంది. తెగిన ట్రాన్సిస్టర్‌తో నాలుగూ పాస్! బీ పీమాస్ తెగినా అంతే, 10 దగ్గర పాత 1 కాపాడేస్తుంది. కాంబినేషనల్ గేటు కాస్తా జ్ఞాపకం ఉన్న గేటు అయిపోయింది. దీన్ని స్టక్-ఓపెన్ లోపం అంటారు. బెల్ ల్యాబ్స్‌కు చెందిన వాడ్‌శాక్ 1978లోనే దీన్ని వివరించారు.

పట్టుకోవాలంటే వెక్టర్లు, అంటే 00, 01 లాంటి ఇన్‌పుట్ విలువలు, జంటలుగా ఇవ్వాలి. ముందు 11 ఇచ్చి అవుట్‌పుట్‌ను 0 చేయండి, వెంటనే 01 ఇవ్వండి. మంచి గేటు 1 చూపిస్తుంది, ఏ పీమాస్ తెగిన గేటు 0 దగ్గరే ఉండిపోతుంది. మళ్లీ 11, ఆ తర్వాత 10. ఇది బీ కోసం. వెక్టర్ల మధ్య ఆలస్యం చేస్తే లీకేజీ ఆ అవుట్‌పుట్ నోడును మెల్లగా పైకి లాగి లోపాన్ని కప్పేయవచ్చు. 10 నుంచి 01కి దూకే జంట పనికిరాదు, ముందున్న అవుట్‌పుట్ కూడా 1 కాబట్టి. ఏ పీమాస్‌ను పరీక్షించేటప్పుడు రెండు వెక్టర్లలోనూ బీ 1గానే నిలవాలి. స్కాన్ చైన్ (పరీక్ష కోసం చిప్ లోపలి ఫ్లిప్‌ఫ్లాప్‌లను వరసగా కలిపే దారి) ఉన్న పెద్ద చిప్‌లలో ట్రాన్సిషన్ ఫాల్ట్ ప్యాటర్న్‌లు (నోడు 0 నుంచి 1కి, 1 నుంచి 0కి సమయానికి మారుతోందా అని చూసే వెక్టర్లు) వాడేవాళ్లు ఈ ఒక్క షరతు తప్పకుండా సరిచూసుకోవాలి.

ప్రశ్న: ఇంత శ్రమ ఎందుకు, ఇన్‌పుట్‌లు కదలనప్పుడు చిప్ లాగే స్థిర కరెంటు కొలిస్తే లోపాలన్నీ తెలియవా?

జవాబు: అన్నీ తెలియవు. వ్యతిరేక విలువలున్న రెండు తీగలు అంటుకుంటే కరెంటు ఎగబాకుతుంది, ఆ పరీక్ష అక్కడ అద్భుతంగా పనిచేస్తుంది. స్టక్-ఓపెన్‌లో మాత్రం ఎవరూ పట్టుకోక తేలిన అవుట్‌పుట్ నోడు మధ్య వోల్టేజీకి జారితేనే తర్వాతి గేటు కరెంటు లాగుతుంది. దాన్ని నమ్ముకోలేం. పైగా బాగా చిన్న ట్రాన్సిస్టర్ల టెక్నాలజీల్లో మంచి చిప్ లీకేజీయే లోపపు కరెంటును మింగేస్తుంది. అక్కడ ఒక్కో వెక్టర్‌కూ కరెంటు కొలిచి, విలువల మధ్య తేడాలను చూడాలి.

ప్రశ్న: మా సెన్సర్ బోర్డుకు సప్లై ముందు వస్తుంది, సీమాస్ బోర్డుకు తర్వాత వస్తుంది. ఒక్కోసారి చిప్ కాలిపోయేంత వేడెక్కుతోంది. సిగ్నల్ తీగ పీకేసినా చల్లబడదు, సప్లై ఆపితేనే తగ్గుతోంది.

జవాబు: ఇది లాచ్-అప్ లక్షణం. సప్లై లేని చిప్ ఇన్‌పుట్‌కు 5 వోల్టులు వస్తే రక్షణ డయోడ్ గుండా కరెంటు లోపలికి పోతుంది. పీ, ఎన్ పొరలతో సబ్‌స్ట్రేట్‌లో తనంతట తానే ఏర్పడ్డ థైరిస్టర్‌ను (ఒకసారి ఆన్ అయితే కరెంటు ఆపేదాకా ఆగని స్విచ్‌ను) అది మేల్కొలుపుతుంది. ఒకసారి ఆన్ అయిందంటే సప్లై నుంచే బతుకుతుంది, అందుకే తీగ పీకినా ఆగదు.

సప్లైల వరస మార్చడమే అసలు మందు. కుదరకపోతే ప్రతి సిగ్నల్‌కూ 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను సిరీస్‌లో వేయండి; కరెంటు ఒక మిల్లీ యాంపియర్ లోపే ఆగుతుంది. 5 పికోఫారడ్ల ఇన్‌పుట్‌తో కలిసి అది తెచ్చే ఆలస్యం 24 నానోసెకన్ల దాకా ఉంటుంది, సెన్సర్ సిగ్నళ్లకు అదొక లెక్క కాదు. మరమ్మతు చేసేటప్పుడు బెంచి సప్లై కరెంటు పరిమితిని 50 మిల్లీ యాంపియర్ల దగ్గర పెట్టుకోండి, చిప్ బతికిపోతుంది.

ప్రశ్న: 3.3 వోల్టుల మైక్రోకంట్రోలర్‌తో 5 వోల్టుల 74హెచ్‌సీ595 షిఫ్ట్ రిజిస్టర్ చిప్‌ను నడుపుతున్నాను. కొన్ని చిప్‌లు పనిచేస్తున్నాయి, కొన్ని లేదు.

జవాబు: 5 వోల్టుల మీద హెచ్‌సీ చిప్‌కు 1 అని గ్యారంటీగా అర్థం కావాలంటే 3.5 వోల్టులు కావాలి. మీ 3.3 దానికి చాలదు. పనిచేస్తున్న చిప్‌లూ అదృష్టం మీదే నడుస్తున్నాయి. 2 వోల్టులనే 1గా తీసుకునే 74హెచ్‌సీటీ595 పెట్టండి, లేదా 595కు కూడా 3.3 వోల్టులే ఇవ్వండి.